ఉరుము దగ్గర వేసిన జాయింటు

ఒక మాట ఇన్నేళ్లుగా మోస్తున్నాను. "లేదండి" అన్న మాట. మోయడానికి అదేం పెద్ద మాట కాదు. సరుకు లేకపోతే కొట్టువాడు రోజూ ఎంతమందితోనో అంటూనే ఉంటాడు. నేను ఒక్కసారే అన్నాను. ఆ ఒక్కసారికే ఒక మనిషి బతుకు ఆగిపోయి ఓ మూల కూర్చుండిపోయింది. నేను మాత్రం పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, చర్చిలో పాటలు పాడాను, తిన్నగా నిద్రపోయాను కూడా. తిన్నగా అంటే, చాలా రోజులు తిన్నగానే.

మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. నాకు అదే వీలు. ఎదురుగా మొహం కనబడితే నా నోరు తప్పుకోవడానికి దారులు వెతుకుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. మొన్న ఆదివారం మా సంఘం ముందు నిలబడి సగం చెప్పాను. మిగతా సగం గొంతు దాటలేదు. అది మీకు చెబుదామని కూర్చున్నాను. మధ్యలో నేను నన్ను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆశ్చర్యపోకండి. అలవాటు అంత తొందరగా పోదు.

నేను సినిమా ఆపరేటర్ని. ఒకప్పుడు. శృంగవరపుకోట అవతల ఒక ఊళ్లో హాలుండేది, ఇప్పుడా చోట కట్టిన మండపంలో పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. బాప్టిస్టు సంఘంలో పుట్టి సినిమా హాల్లో పనికి కుదిరాను. మా పెద్దలకి సినిమా చూడ్డం పాపం. చూపించడం మాత్రం ఉద్యోగం కింద వదిలేశారు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. మా మావ ఏడిపించేవాడు, "ఒరే, పరలోకంలో కూడా నిన్ను లోపలికి రానివ్వర్రా, మేడ మీద క్యాబిన్లోనే ఉంచుతారు" అని. నవ్వేవాణ్ణి.

బిట్టు అంటే ఏంటో చెప్పాలి. సిగ్గుగానే ఉంది, కాని చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆ రోజుల్లో బొంబాయి నుంచి చవగ్గా చుట్టేసిన హిందీ దెయ్యాల సినిమాలు వచ్చేవి. పాత బంగళా, పొగ, కిర్రుమనే తలుపు, మొహానికి పిండి రాసుకున్న దెయ్యం. పేరున్న నటులు ఉండరు, పెద్ద ఊళ్లలో ఆడవు. మాలాంటి చోట మార్నింగ్ షోకి దించేవారు. భాష రాకపోయినా జనం వచ్చేవారు, దెయ్యాన్ని చూసి భయపడ్డానికి హిందీ ఎందుకు? వసూళ్లు పడిపోయాయంటే మాత్రం, ఇంకెక్కడో ఏదో సినిమాలోంచి కోసిన బట్టల్లేని ముక్క ఒకటి మధ్యలో అతికించేవాళ్లం. అదే బిట్టు. పోలీసులు వస్తున్నారని తెలిస్తే తీసేయడం, వాళ్లు వెళ్లాక మళ్లీ పెట్టడం. బిట్టు ఎప్పుడు పడుతుందో తెలీక జనం ఆ దెయ్యాన్ని కూడా ఓపిగ్గా భరించేవారు.

అతికించేది ఆపరేటరే. ఫిల్ము అంచు గీకి, సిమెంటు అనే జిగురు రాసి, రెండు ముక్కలూ కలిపి నొక్కడం. దాన్నే జాయింటు అంటాం. చాలామంది మొరటుగా వేసేవాళ్లు. పట్నంలో మోటారు నడుపుతున్న మనిషి ఉన్నట్టుండి ఎక్కడో స్నానం చేస్తుంటే హాలంతా నవ్వేది. నా జాయింట్లకి ఎవరూ నవ్వేవారు కాదు. నేను మంచి పనివాణ్ణి. ఈ మాట రాయకుండా ఉండాల్సింది, కాని జరిగినదంతా ఈ మాటలోంచే పుట్టింది.

ఆ సినిమా పేరు రాయను. రాస్తే మీరు వెతుకుతారు. వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు నా భయమంతా అదే.

దాన్ని మా దగ్గరే తీశారు. కొండల మొదట్లో ఒక పాత బంగళా, దాని వెనక గెడ్డ, అంటే చిన్న ఏరు. దెయ్యం గెడ్డలోంచి నడుచుకుంటూ రావాలి. శీతాకాలం, నీళ్లు కొరికేస్తున్నాయి. బొంబాయి నుంచి వచ్చిన అమ్మాయి దిగనంది. అలాంటి పొడుగాటి మనిషి, పొడుగాటి జుట్టున్నది, ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే రూతు దొరికింది. అసలు పేరు అది కాదు.

రూతు మా సంఘం మనిషే. ఇరవై అయిదు దాటిన ఆడపిల్ల, ఊళ్లో ఆడవాళ్లకి కుట్టుపని నేర్పేది. వాళ్ల నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు, చర్చిలో హార్మోనియం ఆయనదే. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం ఎప్పుడూ రూతుదే. దెయ్యం వేషానికి కూడా అంత సరదాగానే వెళ్లింది. తెల్లచీరతో గెడ్డలోంచి నడిచి రావడం, ఒకసారి వెనక్కి తిరిగి నవ్వడం. ఆమె చేసిందంతా అంతే. సంఘంలో కొందరు మూతి విరిస్తే, నడవడంలో పాపమేముందని మాస్టారు తీసిపడేశారు.

తర్వాత కొన్నాళ్లకి ఆ సినిమా మా హాలుకొచ్చింది. మొదటి వారం ఊరు ఊరంతా కదిలి వచ్చింది, మన బంగళా, మన గెడ్డ, మన రూతు అని. సంఘం వాళ్లు మాత్రం రాలేదు. రూతు కూడా రాలేదు. తన నవ్వు తెర మీద ఎంత బాగుందో ఆమెకి తెలీదు. రెండో వారానికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా ఓనరు ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, ఎక్కడో ఒకచోట అతికించమన్నాడు. ఎవరో ఒకావిడ తెల్లగుడ్డతో నీళ్ల దగ్గర నిలబడి ఆ గుడ్డ తీసేస్తుంది. మొత్తం వెనకనుంచే తీశారు. మొహం కనబడదు. పొడుగాటి మనిషి, తడిసిన పొడుగు జుట్టు.

రూతు వెనక్కి తిరిగి నవ్వుతుంది, ఉరుము ఉరుముతుంది. ఆ ఉరుము దగ్గర అతికించాను. జాయింటు దాటేటప్పుడు టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఉరుములో కలిసిపోయింది.

వారం తిరక్కుండా ఆ బట్టల్లేని మనిషి రూతేనని ఊళ్లో మాట పాకిపోయింది. కుట్టు సెంటరు ముందు కుర్రాళ్లు సైకిళ్లాపి ఈలలేశారు. బొబ్బిలి నుంచి ఖాయమైన సంబంధం వాళ్లు మనిషి చేత కబురంపి మానుకున్నారు. ఒక రోజు మార్నింగ్ షో అయ్యాక ఇనుప మెట్లెక్కి రూతు క్యాబిన్లోకి వచ్చింది. ఆమె సినిమా హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. కిటికీలోంచి చూస్తే కింద సైకిల్ స్టాండు దగ్గర మాస్టారు తల వంచుకుని నిలబడి ఉన్నారు.

"అన్నా, నేను నవ్వినాక వస్తాదట గదా, ఆ ముక్క ఏటి?" అంది.

"ఏ ముక్క?" అన్నాను.

"నా నోటితోటి సెప్పించకన్నా. అది నేను కాదు. నీకు తెల్దా?"

"బాక్సులో ఎలాగొస్తే అలాగ ఆడిస్తాను. నాకేటి తెలుస్తాది?"

ఆమె కళ్లు నా వెనక బల్ల మీదికి వెళ్లాయి. అక్కడ జాయింట్లు వేసే సామాను ఉంది. సిమెంటు సీసా మూత తీసే ఉంది. ఆ వాసన గదంతా ఉంది.

"గుడ్డకి అతుకేస్తే ఎంత బాగేసినా తడిమితే తెలుస్తాదన్నా. దీనికీ ఉంటాది గదా. ఆదివారం పెద్దలు నిన్నడుగుతారు. అతుకున్నాదని ఒక్క మాట సెప్పు, సాలు. ఎవలేసేరో నేనడగను. ఎవల్నీ అడగనివ్వను."

నేను సీసాకి మూత బిగించాను. ఆమె అది చూసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఎవరు వేశారో అడగనంది. తెలిసే అంది. నాకు తప్పుకోవడానికి దారి ఆమే వేసి ఇచ్చి వెళ్లింది. తన పరువు పోతున్న రోజున నా పరువు గురించి ఆలోచించిన మనిషి ఆమె. ఆ దారిన నేనెందుకు నడవలేదు? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. ఒక్కో వయసులో ఒక్కో జవాబు చెప్పుకున్నాను, ఏదీ నిలబడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. అప్పటి పాస్టరు అయ్యగారు మంచివారు, ముసలివారు. ఎవరో వేరే ముక్క అతికించారని రూతు ముందే చెప్పింది. నిజమా కాదా అని తేల్చాలంటే ఎవరో ఒకరు వెళ్లి సినిమా చూడాలి. మా వాళ్లు చూడరు. ఊళ్లోవాళ్లు చూసింది నమ్ముదామంటే వాళ్లు అన్యులు. సంఘంలో ఆ సినిమా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, చూసినా పాపం అంటనివాణ్ణీ నేనొక్కణ్ణే. అందుకని నన్ను పిలిచారు. సినిమా గడప తొక్కడం పాపమన్న మనుషులు ఒక ఆడమనిషి బతుకుని తీసుకొచ్చి సినిమా ఆపరేటర్ నోట్లో పెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ల మీద కూడా కోపం వస్తుంది. రావడం నాకు సుఖంగానే ఉంటుంది, అందుకే ఆ కోపాన్ని నేను నమ్మను.

"అందులో అతుకేమైనా ఉన్నాదా బాబూ?" అని అడిగారు అయ్యగారు.

"లేదండి," అన్నాను.

ఆ నెల్లోనే నా పెళ్లి. చెయ్యాల్సింది ఆ అయ్యగారే. అతుకుందంటే తర్వాతి ప్రశ్న ఎవరేశారని. రూతు అడగనివ్వనంది గాని, పెద్దలు ఊరుకుంటారా? పోలీసు కేసు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు వరసగా నిలబడ్డాయి. మాస్టారు నా మొహంలోకి చూశారు. నేను హార్మోనియం వైపు చూశాను. ఆ తర్వాత ఆయన మళ్లీ దాని మీద చెయ్యి పెట్టలేదు.

బిట్టు కూడా తియ్యలేదు నేను. తీస్తే తీసినట్టు తెలిసిపోతుందని అలాగే ఉంచాను. కొన్నాళ్లకి సినిమా ఎత్తేశారు. కొన్న కంపెనీ మూతబడింది, బాక్సు అడగడానికి ఎవరూ రాలేదు, హాలు వెనక గదిలో పడి ఉంది.

మా సంఘంలో ఒక పద్ధతుంది. తప్పు చేసినవాళ్లని ప్రభువు బల్లకి దూరం పెడతారు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచినప్పుడు వాళ్లు తీసుకోకూడదు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే ఆ రోజే మళ్లీ కలుపుకుంటారు. తాగినవాళ్లు, కొట్లాడినవాళ్లు అందరూ ఒప్పుకుంటారు, ఏడుస్తారు, బల్లకి వస్తారు. రూతు ఒప్పుకోలేదు. చెయ్యనిదాన్ని చేశానని ప్రభువు ఎదట ఎలాగంటానని అడిగింది. సరే, ఒప్పుకునే వరకూ దూరమే అన్నారు.

ఆమె చర్చి మానెయ్యలేదు. మానేసి ఉంటే నాకు తేలికయ్యేది. ప్రతి ఆదివారం వచ్చి ఆడవాళ్ల వైపు అదే బెంచీ మీద కూర్చుంటుంది. నెల మొదట్లో రొట్టె పళ్లెం వస్తుంది. రెండు చేతులతో అందుకుంటుంది, తీసుకోదు, పక్కవాళ్లకి అందిస్తుంది. పెళ్లయ్యాక మా ఆవిడకి కుదిరిన చోటు సరిగ్గా ఆమె పక్కనే. అంటే రూతు చేతిలోంచి మా ఆవిడ చేతికి, అక్కడ్నుంచి బెంచీ చివరికి. ఇటు మగవాళ్ల వైపు అదే రొట్టె ముక్క నేను తిన్నాను. మింగుడు పడలేదని రాస్తే మీరు మెచ్చుకుంటారేమో. పడింది. మొదట్లో కాస్త ఇబ్బందిగా, తర్వాత మామూలుగానే. మాస్టారు పోయారు. రూతు పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జుట్టు నెరిసింది. మా అమ్మాయి పెళ్లి జాకెట్టు కుట్టింది ఆమే, మా ఆవిడ అడిగితే కాదనలేదు. కొలతలకి మా ఇంటికొస్తే నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

ఇలాగే వెళ్లిపోయేది, నేనూ ఇలాగే పోయేవాణ్ణి. ఈ మధ్య బొంబాయి నుంచి ఒక కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పాత దెయ్యాల సినిమాలంటే ఇప్పుడు చదువుకున్న పిల్లలకి పిచ్చి అట. వాటిని కల్ట్ సినిమాలంటారట, చిన్న చిన్న హాళ్లలో వేసుకుని డైలాగు డైలాగుకీ చప్పట్లు కొడతారట. మా సినిమా ప్రింట్లు ఇంకెక్కడా మిగల్లేదు. మా హాలు పడగొట్టినప్పుడు పాతసామాన్లవాడి చేతికి వెళ్లిన బాక్సొక్కటే తిరిగి తిరిగి వీళ్లకి దొరికింది. దాన్ని బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. నా ముందు పెట్టి చూపించాడు. రూతు తిరిగింది, నవ్వింది, ఉరిమింది. ఎన్నాళ్లకి చూశానో ఆ నవ్వు. తర్వాత నా ముక్క.

సినిమా మొత్తానికి గొప్ప చోటు ఇదే అన్నాడా కుర్రవాడు. దర్శకుడి తెగువ చూడమన్నాడు, ఆ రోజుల్లో అలా నటించడానికి ఆ అమ్మాయికెంత ధైర్యమో అని మురిసిపోయాడు. యూనిట్లో ఎవరో పేరు కూడా చెప్పారట, ఆవిణ్ణి కలిసి, పేరూ ఫోటో వేసి గౌరవిస్తారట. ఊళ్లో చూసినవాళ్లు సగం మంది పోయారు, మిగతావాళ్లు మరిచిపోయారు. ఇప్పుడు దేశమంతా చూస్తుంది, పేరుతో సహా. ఈసారి దూరం పెట్టడానికి బల్ల కూడా ఉండదు, ఒప్పుకుని చెరుపుకోవడానికి సంఘమూ ఉండదు.

చెప్పేశాను. నాకొచ్చిన రైల్వే హిందీలో, ఆ ముక్క వేరు, ఆవిడ వేరు, కలిపింది నేను అని. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. నన్ను తిట్టలేదు. ఇది ఇంకా గొప్ప సంగతంటూ కెమెరా తీశాడు. నేను మొదటిసారి నిజం చెబితే దానికి దక్కింది ఒక అభిమాని. ముక్క తీసేయమని బతిమాలాను. ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే చరిత్ర అన్నాడు. రూతు పేరు మాత్రం వెయ్యనని మాటిచ్చాడు. నిలబెట్టుకుంటాడో లేదో నాకు తెలీదు.

ఆ వచ్చే ఆదివారమే ప్రభువు బల్ల. సాక్ష్యాలు చెప్పే సమయంలో నిలబడ్డాను. ఇప్పటి అయ్యగారు చిన్నవాడు, ఆ గొడవ జరిగినప్పుడు పుట్టి ఉండడు. రూతమ్మది తప్పు లేదు, ఆ సినిమాలో అతుకుంది, ఓనరు చెప్తే నేనే వేశాను, పెద్దలడిగితే లేదని అబద్ధమాడాను అని చెప్పాను. అయ్యగారు కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన చేశారు, సంఘం తరఫున రూతమ్మని క్షమాపణ అడిగారు, ఈ రోజు ఆమె బల్లకి వస్తుందన్నారు. జనం ఆమెన్ అన్నారు. నాకు ఎక్కడో ఆశ కలిగింది. సిగ్గు లేకుండా కలిగింది.

పళ్లెం రూతు దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో అందుకుంది. మా ఆవిడకి అందించింది.

అయ్యగారు దిగి దగ్గరికి వెళ్లి తీసుకోమ్మా అన్నారు. అప్పుడు రూతు మాట్లాడింది, మెల్లిగానే, కాని అందరికీ వినబడింది.

"అప్పుడు నేను కాదంటే నమ్మలేదు, ఈయన సెప్తే నమ్మేరు. ఇప్పుడూ ఈయన సెప్తేనే నమ్మేరు. నా మాట ఎప్పుడు నమ్ముతారయ్యగారూ?"

పళ్లెం మా ఆవిడ చేతిలో ఉంది. ఆమె ఒక్క క్షణం ఆగి, తనూ తీసుకోకుండా పక్కకి అందించింది. నా వైపు పళ్లెం వచ్చినప్పుడు నేనూ అందించేశాను. దాన్ని అలా వదిలేయడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమెకి ఇన్నేళ్లుగా తెలుసు. ఆ రోజు ఇంట్లో అన్నం పెట్టింది మా ఆవిడ. ఎదురుగా కూర్చోలేదు. ఇప్పటికీ కూర్చోవడం లేదు.

ఇక మిగిలిన సగం. ఓనరు చెప్తే వేశానని సంఘంలో అన్నాను. ఎక్కడ వెయ్యాలో ఓనరు చెప్పలేదు. మొదట బొంబాయి హీరోయిన్ స్నానాల గదిలోకి వెళ్లే చోట పెట్టి చూశాను. అక్కడ పెడితే ఎవరికీ నష్టం లేదు. కాని గది గులాబీ రంగు, ముక్కలో కొండా నీళ్లూ. జనం నవ్వుతారు. నా పనికి నవ్వుతారు. రీలు ఇంకొంచెం తిప్పితే రూతు నవ్వు, తెల్లచీర, నీళ్లు, ఉరుము, అన్నీ కుదిరి ఉన్నాయి. నా చెయ్యి ఆగింది. అవును, ఆగింది. ఇది మాస్టారి కూతురు కదా అనుకున్నాను. సంఘం వాళ్లెవరూ హాలుకి రారులే అని కూడా అనుకున్నాను. అంత దూరం ఆలోచించాక కత్తెర తీసుకున్నాను. మర్నాడు మార్నింగ్ షోలో క్యాబిన్ కన్నంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఉరిమింది, ముక్క పడింది, హాల్లో ఒక్కడు కూడా నవ్వలేదు. నేను పొంగిపోయాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన జాయింటు ఇంకోటి లేదు.

ఇది మీరు క్షమిస్తారని రాయలేదు. క్షమించాల్సిన మనిషి ఎవరేశారని నన్ను అడగనే లేదు, అడగనని ఆ రోజే చెప్పింది. కానీ ఆ ముసలి అయ్యగారి ప్రశ్న ఇంకా నా చెవిలో ఉంది. ఆయన పోయారు, ప్రశ్న పోలేదు. ఆయనకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాసి లేచిపోతాను.

ఉందండి. అతుకు ఉంది. నేనే వేశాను. ఆమె అని తెలిసే వేశాను.